డెంటల్ ఇన్సూరెన్స్‌ని మెడికల్ లెక్కలో చూడకండి: అమెరికాలో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకి

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో హెచ్‌ఆర్ నుంచి ఒక లింకు వస్తుంది. తెరిస్తే మెడికల్, డెంటల్, విజన్ అని మూడు వరసలు. మెడికల్ దగ్గర అందరం ఆగుతాం. రూమ్మేట్‌ని అడుగుతాం, ఆఫీసులో సీనియర్‌ని అడుగుతాం, ఎక్సెల్ షీటు కూడా వేస్తాం. డెంటల్ దగ్గరకి వచ్చేసరికి ఓపిక అయిపోతుంది. నెలకి పన్నెండో పదిహేనో డాలర్లే కదా అని ఏదో ఒకదానికి టిక్ పెట్టి సబ్మిట్ నొక్కేస్తాం. పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్నట్టు నేనూ అదే చేశాను.

రెండేళ్ల తర్వాత కింది దవడలో ఒక పన్ను పుచ్చి రాత్రిళ్లు నిద్ర లేకుండా చేసినప్పుడు ఆ ప్లాన్ కాగితాలు మొదటిసారి చదివాను. మెడికల్‌లో నేను నేర్చుకున్న డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ కంపెనీ ఇవ్వడం మొదలుపెట్టే ముందు మనం కట్టే మొత్తం), కోఇన్సూరెన్స్ (ఆ తర్వాత బిల్లులో మన వంతు శాతం) లాంటి మాటలే ఇక్కడా ఉన్నాయి. కానీ పనిచేసే తీరు దాదాపు తలకిందులు. ఆ తేడా ముందే తెలిస్తే ఏం చేసేవాడినో అదే వరసలో రాస్తున్నాను.

మొదట: పరిమితి ఎవరికి పెట్టారో చూడండి

మీ మెడికల్ ప్లాన్‌లో 'అవుట్ ఆఫ్ పాకెట్ మ్యాగ్జిమమ్' అని ఒక అంకె ఉంటుంది. ఏడాదిలో మీ జేబులోంచి పోయే డబ్బుకి అది పైకప్పు. నెట్‌వర్క్‌లో ఉన్న, అంటే ఇన్సూరెన్స్ కంపెనీతో రేట్లు ఒప్పందం చేసుకున్న ఆసుపత్రిలో, ప్లాన్ ఒప్పుకునే వైద్యానికి, ఆ అంకె దాటాక మిగతాది మొత్తం ఇన్సూరెన్స్ కంపెనీదే. 2010లో వచ్చిన అఫర్డబుల్ కేర్ చట్టం ఈ పైకప్పు ఎంత దాకా ఉండొచ్చో నిర్ణయిస్తుంది. 2026కి ఒక మనిషికి 10,600 డాలర్లు, కుటుంబానికి 21,200 డాలర్లు. చాలా ఆఫీసు ప్లాన్లలో ఇంతకంటే తక్కువే ఉంటుంది. ముఖ్యమైన వైద్య సేవలకి 'ఏడాదికి ఇంతే ఇస్తాం' అని కంపెనీ తన వైపు గీత గీసుకోవడం కూడా ఆ చట్టం కుదరదంది.

ఇప్పుడు డెంటల్ కాగితం తీయండి. అందులో 'యాన్యువల్ మ్యాగ్జిమమ్' అని ఉంటుంది. ఎక్కువ ప్లాన్లలో 1,000 నుంచి 2,000 డాలర్ల మధ్య. చాలామంది (నాతో కలిపి) దీన్ని మెడికల్ పైకప్పు లాంటిదే అనుకుంటారు. ఇది కంపెనీ పెట్టే ఖర్చుకి పైకప్పు. 1,500 అని ఉంటే ఆ ఏడాది కంపెనీ మీ పళ్ల మీద 1,500 పెట్టి చేతులు కడుక్కుంటుంది. ఆ తర్వాత పదివేలైనా మీదే.

అంటే మెడికల్‌లో మొదట మీరు పెడతారు, ఖర్చు పెరిగేకొద్దీ కంపెనీ మోస్తుంది. డెంటల్‌లో మొదట కంపెనీ పెడుతుంది, ఖర్చు పెరిగేకొద్దీ మీరు మోస్తారు. ఇకమీద చెప్పే పనులన్నీ ఈ తేడా చుట్టూ తిరిగేవే.

ఇలా ఎందుకైంది అంటే, రెండూ పుట్టిన చోట్లు వేరు. అమెరికాలో దంతవైద్యం 1840లోనే బాల్టిమోర్‌లో సొంత కాలేజీ పెట్టుకుని వైద్య కళాశాలల నుంచి విడిగా పెరిగింది. తర్వాత 1929లో, మనవాళ్లు ఇంతమంది ఉంటున్న డాలస్‌లోనే, బేలర్ ఆసుపత్రి అక్కడి స్కూల్ టీచర్లకి ఒక పథకం పెట్టింది: నెలకి 50 సెంట్లు కట్టండి, జబ్బు చేస్తే 21 రోజుల దాకా ఆసుపత్రి ఖర్చు మాది. ఎప్పుడో ఒకసారి వచ్చి ఇల్లు గుల్లచేసే బిల్లు కోసం పుట్టింది మెడికల్ ఇన్సూరెన్స్. డెంటల్ బీమా బలపడింది 1954 తర్వాత, పడమటి తీరం ఓడరేవు కార్మికుల యూనియన్ తమ పిల్లల పళ్ల కోసం ఒక పథకం సంపాదించుకున్నాక. అది పిల్లల్ని క్రమం తప్పకుండా పళ్ల డాక్టర్ దగ్గరికి పంపడానికి పెట్టింది. అందుకే ఈ రోజుకీ డెంటల్ ప్లాన్ క్లీనింగ్‌కి చేతికి ఎముక లేనట్టు ఇస్తుంది, ఇంప్లాంట్ (దవడ ఎముకలో మర బిగించి పెట్టే పన్ను) అనగానే మొహం తిప్పుకుంటుంది. 1965లో వృద్ధుల కోసం మెడికేర్ అనే ప్రభుత్వ బీమా వచ్చినప్పుడు కూడా మామూలు పళ్ల పనిని బయటే వదిలేశారు.

రెండోది: ఏ నొప్పికి ఏ కార్డు తీయాలో తెలుసుకోండి

రెండు కార్డులు వేరు, చాలాసార్లు రెండు కంపెనీలూ వేరే. పళ్ల డాక్టర్ దగ్గర మెడికల్ కార్డు ఇస్తే రిసెప్షన్‌లో అమ్మాయి నవ్వుతూ వెనక్కి ఇస్తుంది. కొన్ని డెంటల్ ప్లాన్లు ప్లాస్టిక్ కార్డు పంపవు కూడా. వెబ్‌సైట్‌లోకి వెళ్లి మెంబర్ నంబర్ ఫోన్‌లో దాచుకోండి.

పుచ్చిపన్ను, ఫిల్లింగ్, రూట్ కెనాల్, క్యాప్, చిగుళ్లు, కట్టుడు పళ్లు, ఇవన్నీ డెంటల్. కానీ నోట్లో జరిగిందల్లా డెంటల్ కిందికే పోదు, ఇక్కడే చాలామంది డబ్బు వదులుకుంటారు. కారు యాక్సిడెంట్‌లోనో, క్రికెట్ బంతి తగిలో మంచి పళ్లు విరిగితే చాలా మెడికల్ ప్లాన్లు చెల్లిస్తాయి. దవడ ఎముక విరగడం, నోట్లో గడ్డకి బయాప్సీ, నోటి క్యాన్సర్, ఇవి మెడికల్. నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియాకి పళ్ల డాక్టర్ చేసిచ్చే పరికరం కూడా తరచుగా మెడికల్ కిందికే వస్తుంది. ఎముకలో ఇరుక్కున్న జ్ఞానదంతం తీయించుకోవడం మధ్యలో వేలాడుతుంది. కొన్ని మెడికల్ ప్లాన్లు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. ఓరల్ సర్జన్ ఆఫీసుకి వెళ్తే రెండు కార్డులూ చేతిలో పెట్టి 'ముందు మెడికల్‌కి పంపి చూడండి' అని అడగండి. మెడికల్‌లో పడితే డెంటల్ 1,500 చెక్కుచెదరకుండా ఉంటుంది.

అర్ధరాత్రి పన్ను నొప్పికి ఎమర్జెన్సీ రూముకి పరిగెత్తేవాళ్లున్నారు. అక్కడ సాధారణంగా పళ్ల డాక్టర్ ఉండరు. యాంటీబయాటిక్, నొప్పి మాత్ర రాసిచ్చి 'రేపు డెంటిస్ట్‌ని కలవండి' అని పంపిస్తారు, బిల్లు మాత్రం ఎమర్జెన్సీ బిల్లే వస్తుంది. అయితే మొహం వాచి, జ్వరం వచ్చి, మింగడానికో ఊపిరి తీసుకోవడానికో కష్టంగా ఉంటే ఇవేవీ లెక్క చూడకండి, వెంటనే 911కి కాల్ చేయండి. పంటి ఇన్ఫెక్షన్ గొంతు వైపు పాకితే ప్రాణం మీదకి వస్తుంది.

మూడోది: ప్లాన్ కాగితంలో ఈ మాటలు వెతకండి

అన్నీ చదవమని చెప్పను, ఎవరూ చదవరు. పీడీఎఫ్ తెరిచి వెతుకుడు డబ్బాలో ఈ మాటలు కొట్టండి.

ముందు 100, 80, 50. పరీక్ష, ఎక్స్‌రే, క్లీనింగ్ లాంటివి నూటికి నూరు. ఫిల్లింగ్, మామూలుగా పన్ను పీకడం లాంటి 'బేసిక్' పనులకి 80 శాతం. క్యాప్, బ్రిడ్జి (పక్క పళ్ల ఆసరాతో ఖాళీలో కట్టే పన్ను), కట్టుడు పళ్లు లాంటి 'మేజర్' పనులకి 50. ఎక్కువ పీపీఓ ప్లాన్లు (నచ్చిన డాక్టర్ దగ్గరికి వెళ్లనిచ్చేవి) ఈ మెట్ల మీదే నడుస్తాయి. కానీ ఏ పని ఏ మెట్టు మీద ఉందో కంపెనీ ఇష్టం. ముఖ్యంగా రూట్ కెనాల్ చూడండి. ఒక ప్లాన్‌లో బేసిక్, పక్క ప్లాన్‌లో మేజర్. నెల ప్రీమియంలో రెండు డాలర్ల తేడా కంటే ఈ ఒక్క గీత విలువ ఎక్కువ.

రెండోది 'వెయిటింగ్ పీరియడ్'. సొంతంగా కొనుక్కునే ప్లాన్లలో మేజర్ పనికి ఆరు నెలలు, ఏడాది ఆగమనడం మామూలు. మెడికల్‌లో పాత జబ్బు ఉందని ఇలా ఆపడం 2014 నుంచి కుదరదు, పెద్దల డెంటల్ ప్లాన్లకి ఆ నియమం వర్తించదు. అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగదన్నట్టు, పన్ను నొప్పి పన్నెండు నెలలు ఆగదు కదా. పెద్ద సంస్థలు ఉద్యోగులకిచ్చే గ్రూప్ ప్లాన్లలో ఈ బాధ తక్కువ. ఇంతకుముందు వేరే డెంటల్ ప్లాన్ ఉండి మధ్యలో ఖాళీ లేకపోతే, ఆ కాగితం చూపిస్తే కొన్ని కంపెనీలు ఈ గడువు తీసేస్తాయి. అడగాలి, వాళ్లంతట వాళ్లు చెప్పరు.

మూడోది 'మిస్సింగ్ టూత్ క్లాజ్'. ప్లాన్ మొదలయ్యే రోజుకే మీకు ఒక పన్ను లేకపోతే, ఆ ఖాళీలో బ్రిడ్జి పెట్టినా ఇంప్లాంట్ పెట్టినా మేమివ్వం అనే షరతు. ఇండియాలో ఉన్నప్పుడే పన్ను పీకించుకుని, 'అమెరికా వెళ్లాక ఇన్సూరెన్స్‌లో ఇంప్లాంట్ పెట్టించుకుంటా' అనుకుని వచ్చినవాళ్లు ఈ ఒక్క లైను తప్పకుండా చదవాలి.

నాలుగోది కొంచెం గడుసుది. డాక్టర్ వెనక పన్నుకి తెల్ల ఫిల్లింగ్ పెడతారు. కంపెనీ మాత్రం 'చవకలో వెండిరంగు ఫిల్లింగ్ సరిపోయేది' అని ఆ రేటు మీదే తన వంతు లెక్క కడుతుంది. మిగతా తేడా మీ మీద. దీన్ని 'డౌన్‌గ్రేడ్' అంటారు. కాగితంలో 'లీస్ట్ ఎక్స్‌పెన్సివ్ ఆల్టర్నేటివ్' అని ఉంటే అదే ఇది. క్యాప్‌లకీ వర్తిస్తుంది.

ఇక ఎన్నిసార్లు అనే లెక్క. క్లీనింగ్ ఏడాదికి రెండుసార్లు అంటే ఒక ప్లాన్‌లో క్యాలెండర్ ఏడాదిలో ఎప్పుడైనా రెండు. ఇంకో ప్లాన్‌లో ఆరు నెలల మీద ఒక రోజు గడవాల్సిందే. అయిదు నెలల ఇరవై ఎనిమిది రోజులకి వెళ్తే బిల్లు ఇంటికొస్తుంది. అదే పన్నుకి క్యాప్ మళ్లీ వేయాలంటే అయిదేళ్లో ఏడేళ్లో పదేళ్లో ఆగాలనే గడువూ ఉంటుంది.

పీపీఓనా హెచ్‌ఎంఓనా అనేది ఒక్క మాటలో: డెంటల్ హెచ్‌ఎంఓలో ప్రీమియం తక్కువ, చాలా ప్లాన్లలో యాన్యువల్ మ్యాగ్జిమమ్ ఉండదు, ఏ పనికి ఎంతో ముందే అచ్చువేసిన పట్టిక ఉంటుంది. కానీ వాళ్లు చెప్పిన డాక్టర్ దగ్గరికే వెళ్లాలి, మంచి డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ దొరకడం మీ అదృష్టం. మీ ఊళ్లో ఆ జాబితాలో ఎవరున్నారో చూడకుండా ప్రీమియం చూసి తీసుకోకండి.

నాలుగోది: ఫోన్‌లో సరైన ప్రశ్న అడగండి

'మా ఇన్సూరెన్స్ తీసుకుంటారా?' అని అడిగితే ఏ క్లినిక్ అయినా అవుననే అంటుంది. క్లెయిమ్ పంపడానికి వాళ్లకేం కష్టం! 'ఈ కంపెనీ, ఈ ప్లాన్ నెట్‌వర్క్‌లో ఉన్నారా?' అని అడగండి. నెట్‌వర్క్‌లో ఉంటే ఒప్పుకున్న రేటుకి మించి వేయకూడదు. బయట ఉంటే కంపెనీ తన లెక్కలో 'ఈ పనికి ఇంతే' అనుకున్న దాంట్లో శాతం ఇస్తుంది, డాక్టర్ అసలు ఫీజుకీ దానికీ మధ్య ఉన్న తేడా మీ దగ్గర వసూలు చేసుకోవచ్చు. 2022 నుంచి మెడికల్‌లో ఇలాంటి అనుకోని బిల్లుల మీద వచ్చిన ఫెడరల్ రక్షణ విడి డెంటల్ ప్లాన్లకి లేదు.

నెట్‌వర్క్‌కి ఇంకో లాభం ఉంది. మీ 1,500 అయిపోయాక కూడా చాలా ప్లాన్లలో ఆ తగ్గింపు రేటే నడుస్తుంది.

అయిదోది: కుర్చీలో పడుకున్నప్పుడు అవునని అనకండి

నా సొంత గొడవ ఇక్కడే జరిగింది. ఉచిత క్లీనింగ్ కదా అని ఒక క్లినిక్‌కి వెళ్లాను. ఎక్స్‌రేలు తీశాక ఒకావిడ ట్యాబ్ పట్టుకొచ్చి, మీకు మామూలు క్లీనింగ్ సరిపోదు, నాలుగు వైపులా డీప్ క్లీనింగ్ చేయాలి, ఇన్సూరెన్స్ 80 శాతం ఇస్తుంది అంది. నోట్లో దూది, చేతిలో స్టైలస్. సంతకం పెట్టాను. నెల తర్వాత కంపెనీ నుంచి ఉత్తరం: చిగుళ్ల జబ్బు ఉన్నట్టు ఆధారం చాల్లేదు కాబట్టి చెల్లించం. మొత్తం నా మీద పడింది. ఆ డబ్బు పోయినందుకు కంటే, ఒక్క ప్రశ్న అడిగితే ఆగేదని తెలిసినందుకు ఎక్కువ బాధ.

డీప్ క్లీనింగ్ నిజంగా అవసరమైనవాళ్లు చాలామంది ఉంటారు, గార చిగురు లోపలికి దిగి ఎముక తరిగిపోతుంటే చేయించుకోకపోవడమే తప్పు. కానీ ఆ విషయం అంకెల్లో కనపడుతుంది. ప్రతి పన్ను చుట్టూ చిగురు లోతు మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఒకటి నుంచి మూడు వరకు మామూలు. నాలుగు, అయిదు, ఆపైన ఉండి, ఎక్స్‌రేలో ఎముక తగ్గినట్టు కనపడితేనే కంపెనీలు సాధారణంగా ఒప్పుకుంటాయి. ఆ చార్టు అడగండి, మీకు ఇస్తారు.

ఏ పెద్ద పనైనా చేయించే ముందు ట్రీట్‌మెంట్ ప్లాన్ కాగితం మీద తీసుకోండి. అందులో ప్రతి పనికీ డి అక్షరంతో మొదలయ్యే నాలుగంకెల కోడ్ ఉంటుంది. మామూలు క్లీనింగ్ డి 1110, డీప్ క్లీనింగ్ ఒక్కో పావు నోటికి డి 4341, దవడ పన్ను రూట్ కెనాల్ డి 3330, పింగాణీ క్యాప్ డి 2740, క్యాప్ కింద పన్నుని నిలబెట్టే బిల్డప్ డి 2950. ఈ కోడ్లు పెట్టుకుని కంపెనీకి ఫోన్ చేస్తే పని సులువు. ఇంకా మంచిది, క్లినిక్‌నే 'ప్రీడిటర్మినేషన్ పంపండి' అని అడగడం. ఎక్స్‌రేలతో సహా ముందే కంపెనీకి పంపితే వాళ్లు ఎంత ఇస్తారో, మీకెంత పడుతుందో రాసి పంపుతారు. రెండు మూడు వారాలు పట్టొచ్చు. అది గ్యారంటీ కాదు, ఈలోపు మీ మ్యాగ్జిమమ్ ఖర్చయిపోతే లెక్క మారుతుంది. అయినా చీకట్లో సంతకం పెట్టడం కంటే వెయ్యి రెట్లు నయం. మెడికల్‌లో ముందు అనుమతి కంపెనీ కోరితే తీసుకుంటాం, ఇక్కడ అడగాల్సింది మీరే.

ఆరోది: క్యాలెండర్ ముందు పెట్టుకుని లెక్క వేయండి

ఒక పన్నుకి రూట్ కెనాల్ 1,200, బిల్డప్ 300, క్యాప్ 1,300 డాలర్లు అనుకుందాం. మొత్తం 2,800. ప్లాన్‌లో డిడక్టబుల్ 50, రూట్ కెనాల్‌కి 80 శాతం, మిగతా రెంటికి 50 శాతం, యాన్యువల్ మ్యాగ్జిమమ్ 1,500. ఈ ఏడాది క్లీనింగులకి కంపెనీ ఇప్పటికే 300 ఇచ్చింది, మీ ప్లాన్ దాన్నీ మ్యాగ్జిమమ్‌లో కలుపుతుంది (కొన్ని కలపవు, అదీ చూసుకోండి).

అన్నీ డిసెంబరులో చేయించారు. శాతాల ప్రకారం కంపెనీ వంతు 920, 150, 650, అంటే 1,720. కానీ మిగిలి ఉన్నది 1,200 కాబట్టి అంతే వస్తుంది. మీ జేబులోంచి 1,600.

రూట్ కెనాల్, బిల్డప్ డిసెంబరులో చేయించి క్యాప్ జనవరిలో వేయించారనుకోండి. డిసెంబరులో కంపెనీ 1,070 ఇస్తుంది. జనవరిలో కొత్త డిడక్టబుల్ 50 పోయినా, మిగతా 1,250లో సగం 625 వస్తుంది. మీకు పడేది 1,105. పన్నూ అదే, డాక్టరూ అదే, 495 డాలర్ల తేడా. మెడికల్‌లో మనం దీనికి సరిగ్గా ఎదురు చేస్తాం. డిడక్టబుల్ తీరిపోయిన ఏడాదిలోనే ఆపరేషన్లన్నీ ముగించేయాలని చూస్తాం.

రెండు జాగ్రత్తలు. రూట్ కెనాల్ చేసిన పన్ను బోలుగా, పెళుసుగా ఉంటుంది, ఎన్ని వారాలు ఆగొచ్చో డాక్టర్‌నే అడగండి. ఆగలేమంటే ఆగకండి, పన్ను నిలువునా చీలితే అప్పుడు ఇంప్లాంట్ ఖర్చు. రెండోది, క్యాప్ తేదీ ఏదని కంపెనీని అడగండి. కొన్ని పన్ను చెక్కిన రోజు లెక్కలోకి తీసుకుంటాయి, కొన్ని క్యాప్ అతికించిన రోజు. ఇది తెలుసుకోకుండా డిసెంబరు 28న చెక్కించుకుంటే చేసిన ప్లానంతా గంగపాలు. మీ ప్లాన్ ఏడాది జనవరిలో మొదలవుతుందా జూలైలోనా అనేది కూడా ఖాయం చేసుకోండి.

ఏడోది: టాక్స్ పడని డబ్బుతో కట్టండి

కంపెనీ ఎలాగూ పరిమితి పెట్టుకుంది కాబట్టి, ఆ పైది కట్టడానికి ముందే డబ్బు పక్కన పెట్టడం మన పని. ఎఫ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చుల కోసం ఆఫీసు ద్వారా తెరిచే ఖాతా) ఉంటే 2026లో 3,400 డాలర్ల దాకా జీతంలోంచి టాక్స్ పడకముందే తీసిపెట్టొచ్చు. నెలనెలా కోత పడుతున్నా, ఏడాదికి ఒప్పుకున్న మొత్తం మొదటి రోజే వాడుకోవచ్చు. వచ్చే ఏడాది క్యాప్ ఉందని నవంబరులోనే తెలిస్తే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌లో, అంటే వచ్చే ఏడాది ప్లాన్లు ఎంచుకునే రోజుల్లో, ఆ అంకె పెట్టుకోండి. వాడనిది చాలావరకు పోతుంది కాబట్టి ఊహించి ఎక్కువ పెట్టొద్దు.

హై డిడక్టబుల్ మెడికల్ ప్లాన్‌తో హెచ్‌ఎస్‌ఏ (వైద్యం కోసం టాక్స్ పడకుండా దాచుకునే పొదుపు ఖాతా) తీసుకున్నవాళ్లు మామూలు ఎఫ్‌ఎస్‌ఏ తీసుకోకూడదు, హెచ్‌ఎస్‌ఏ అర్హత పోతుంది. వాళ్ల కోసం 'లిమిటెడ్ పర్పస్ ఎఫ్‌ఎస్‌ఏ' అని పళ్లకీ కళ్లకీ మాత్రమే పనికొచ్చేది ఉంటుంది, మీ ఆఫీసులో ఉందేమో కనుక్కోండి. పళ్లు తెల్లబరిచే వైట్నింగ్‌కి మాత్రం ఇవేవీ పనికిరావు.

అసలు తీసుకోవాలా అంటే

ఆఫీసు సగం కడుతూ మీకు నెలకి పది, పదిహేను పడుతుంటే తీసుకోండి, రెండు క్లీనింగులు, ఎక్స్‌రేలతోనే చెల్లిపోతుంది. సొంతంగా నెలకి 40 చొప్పున, ఏడాదికి 480 పెట్టి కొనేటప్పుడు కాసేపు ఆలోచించండి. మీ దగ్గరి క్లినిక్‌ని 'ఇన్సూరెన్స్ లేకుండా పరీక్ష, ఎక్స్‌రే, క్లీనింగ్‌కి ఎంత?' అని అడగండి. పళ్లు బాగున్నవాళ్లకి ఆ రేటే తక్కువ కావొచ్చు. మెడికల్ ఇన్సూరెన్స్ లేకుండా ఉండటం అప్పుల్లోకి దూకడమే. డెంటల్ లేకుండా ఉండటం ఒక లెక్క మాత్రమే.

ఎఫ్1 మీద చదువుకునేవాళ్లకి యూనివర్సిటీ హెల్త్ ప్లాన్‌లో తరచుగా డెంటల్ ఉండదు, విడిగా కొనాలి. పెద్ద పని పడితే డెంటల్ కాలేజీలు చూడండి. డాలస్‌లో టెక్సస్ ఏ అండ్ ఎం వారిది, హూస్టన్‌లో యూటీ హెల్త్ వారిది, న్యూయార్క్‌లో ఎన్‌వైయూ, న్యూజెర్సీ నెవార్క్‌లో రట్గర్స్. విద్యార్థులు ప్రొఫెసర్ కళ్ల ముందు చేస్తారు. ఒక ఫిల్లింగ్‌కి సగం రోజు పోతుంది గానీ బయట కంటే బాగా తక్కువ.

పిల్లల సంగతి వేరు. మార్కెట్‌ప్లేస్ (అఫర్డబుల్ కేర్ చట్టం కింద సొంతంగా బీమా కొనుక్కునే ప్రభుత్వ వెబ్‌సైట్) ప్లాన్లలో పందొమ్మిదేళ్లలోపు పిల్లలకి డెంటల్ తప్పనిసరిగా అందుబాటులో ఉంచాల్సిన సేవ, పెద్దలకి కాదు. క్లిప్పులకి, అంటే బ్రేసెస్‌కి, ఆఫీసు ప్లాన్లలో సాధారణంగా ఏడాది పరిమితి కాకుండా జీవితకాల పరిమితి ఉంటుంది. ఒకసారి వాడితే అయిపోయినట్టే. భార్యాభర్తలిద్దరికీ ప్లాన్లుంటే పిల్లలకి ఎవరిది ముందు అనేది సాధారణంగా పుట్టినరోజుని బట్టి తేలుతుంది. పుట్టిన ఏడాది కాదు, క్యాలెండర్‌లో ఎవరి పుట్టినరోజు ముందొస్తే వాళ్లది. రెండు ప్లాన్లకి రెండు ప్రీమియంలు కట్టే ముందు రెండోది నిజంగా ఏమైనా కలుపుతుందో లేదో అడగండి, 'నాన్ డూప్లికేషన్' షరతు (మొదటి ప్లాన్ ఇచ్చినదాన్ని తన వంతులోంచి తీసేసుకోవడం) ఉంటే రెండో ప్లాన్ ఇచ్చేది చాలాసార్లు సున్నా.

ఉద్యోగం పోతే కోబ్రా (పాత ఆఫీసు ప్లాన్‌నే సొంత డబ్బు కట్టి కొన్నాళ్లు కొనసాగించుకునే హక్కు) ఉత్తరం వస్తుంది. డెంటల్ విడి ప్లాన్‌గా ఉంటే అదొక్కటే కొనసాగించుకోవచ్చు, మెడికల్ కోబ్రా అంత భారం కాదు. సగంలో ఆగిన క్యాప్ ఉంటే ఆ నెల కట్టడం దండగ కాదు. ఎంచుకోవడానికి 60 రోజుల గడువుంటుంది.

ఇండియాలో చేయించుకుంటే

సెలవులకి వెళ్లి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పళ్ల పని ముగించుకొచ్చేవాళ్లం చాలామందిమి. తప్పేం లేదు, కానీ కాగితాలు సరిగ్గా తెచ్చుకోండి. కొన్ని పీపీఓ ప్లాన్లు విదేశంలో చేసిన పనికి నెట్‌వర్క్ బయటి లెక్కన కొంత ఇస్తాయి, కొన్ని అత్యవసరానికే ఇస్తాయి. వెళ్లే ముందే రాతపూర్వకంగా అడగండి. ప్లాన్ ఇవ్వకపోయినా ఎఫ్‌ఎస్‌ఏ, హెచ్‌ఎస్‌ఏ డబ్బు వాడుకోవచ్చు. బిల్లు ఇంగ్లీషులో, ఒక్కో పనికి విడివిడిగా, తేదీతో ఉండాలి. పన్ను నంబరు విషయంలో ఒక చిక్కుంది. ఇండియాలో కింది ఎడమ మొదటి దవడ పన్నుని 36 అంటారు, అమెరికాలో అదే పన్ను 19. అక్కడి లెక్కలో నోటిని నాలుగు భాగాలు చేసి నంబర్లు వేస్తారు, ఇక్కడ ఒకటి నుంచి ముప్ఫై రెండు దాకా వరసగా. ఇక్కడి లెక్కలో 36 అనే పన్నే లేదు కాబట్టి క్లెయిమ్ వెనక్కి వస్తుంది. డాక్టర్‌గారితో రెండు నంబర్లూ రాయించుకోండి, ఎక్స్‌రేలు ఫోన్‌లోకి పంపించుకోండి.

అమ్మానాన్నలు ఆరు నెలలకి వస్తున్నారంటే మనం కొనే విజిటర్ ఇన్సూరెన్స్‌లో పళ్లకి ఉండేది అంతంతమాత్రం. హఠాత్తుగా వచ్చిన నొప్పికి చిన్న మొత్తం, అంతే. వదులైన కట్టుడు పళ్లు, పాత క్యాప్ ఊడిపోవడం అందులోకి రావు. టికెట్ కొన్న రోజే నాన్నగారికి ఫోన్ చేసి, ప్రయాణానికి కనీసం నెల ముందు పళ్ల డాక్టర్‌కి చూపించుకోమనండి. ఇంకా టైముంది కదరా అంటారు. వారం తర్వాత మళ్లీ చేయండి.